కూలికి కట్ట యేది?

ముదిగుబ్బ పెద్ద పట్టణము కాదు. అనంతపురమునుండి కదిరికి పోవు బాటయు, ధర్మవరమునుండి పాకాలకు పోవు రైలుదారియు తాకి పోవుటచే పేరు గలిగిన కూడలి. వేరుసెనగ పంట చేతికి వచ్చినను రాకపోయినను, పీకుడు దినములు ముగిసిన పిదప ఆ కూడలిలో నిలిచి చూచువారికి ఒక దృశ్యము తప్పక కనబడును. మూటలతో, బిందెలతో, చంకబిడ్డలతో ఆలుమగలు బెంగుళూరు బస్సుకొఱకు ఎదురుచూచుచుందురు. ఇంటికడ ముసలివారు మిగులుదురు. కొన్ని యిండ్లకు తాళము మాత్రమే మిగులును. ఇదే జిల్లాకు దక్షిణపు కొసను, హిందూపురము స్టేషనులో, వేఱొక దృశ్యము. బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశములనుండి దినములతరబడి ప్రయాణించి యలసిన యువకులు తూముకుంట, గొల్లాపురము పారిశ్రామికవాడలకు పోవుటకై దిగుచుందురు. ఒక ద్వారమున మనవారు వెడలుచున్నారు. ఇంకొక ద్వారమున అన్యరాష్ట్రములవారు ప్రవేశించుచున్నారు.

ఈ రెండు దృశ్యములను ఒక్కచో నుంచి యోచించువారు తక్కువ. మొదటిదానిని చూచినవారు "పాపము, కఱవు" అని నిట్టూర్చి యూరకుందురు. రెండవదానిని చూచినవారు "మన పనులను పైవారు తన్నుకొనిపోవుచున్నారు" అని కోపింతురు. కనీసవేతనమును పెంచవలెనను మాట వచ్చినప్పుడెల్ల మన పఠనమందిరములలో చర్చ రెండు చీలికలగుచున్నది. పెంచినచో పరిశ్రమలు పాఱిపోవునని యొక పక్షము. వలసకూలీలు తక్కువకు దొరకుచున్నంతకాలము పెంచియు ఫలము లేదని వేఱొక పక్షము. మా యభిప్రాయమును ముందే సూటిగా చెప్పుచున్నాము. ఇవి రెండు ప్రశ్నలు కావు, ఒక్కటే ప్రశ్న. కూలికి గట్టి కట్ట యున్నచో వలసవచ్చినవాడు స్థానికునకు శత్రువు కాడు. కట్ట లేనిచో పొరుగూరివాడేకాదు, తోడబుట్టినవాడును శత్రువే యగును.

మొదట మనవారి సంగతి విచారింతము. దేశమున జైసల్మేరు తరువాత అతి తక్కువ వాన పడు జిల్లా యని ఉమ్మడి అనంతపురమునకు పేరు. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదియును కాలమునకు పడదు. కాలువ లేని యెఱ్ఱనేలలు, ఒక్క వేరుసెనగను నమ్ముకొన్న సేద్యము, బోరు వేసి నీరు పడక మిగిలిన యప్పు, ఈ మూడును కలిసి మనిషిని ఊరినుండి లేవదీయుచున్నవి. కదిరి, నల్లమాడ, ముదిగుబ్బ ప్రాంతములవారు బెంగుళూరులో బేల్దారి పనికి పోవుచున్నారు. మఱికొందఱు కేరళ చేరుచున్నారు. దీని కారణము తెలియుటకు పెద్ద శాస్త్రము చదువ నక్కఱలేదు. భారత రిజర్వు బ్యాంకు ప్రకటించిన లెక్కల ప్రకారము 2022-23 లో పల్లెలయందు కట్టడపు పనివానికి దినమునకు సగటున కేరళలో 852 రూపాయలు దొరకెను. మధ్యప్రదేశమున 278 రూపాయలు. దేశపు సగటు 393. నీరు పల్లమునకు పోవును. కూలివాడు మిట్టకు పోవును. ఇందులో నేరమేమున్నది? కూటికొఱకు కోటి విద్యలని మన పెద్దలు సమ్మతించినదే కదా!

బీహారువాడు హిందూపురమునకు వచ్చుటకును కారణ మిదియే. వాని యూరి కూలికన్న ఇచటి కూలి యెక్కువ. మన ముదిగుబ్బవాడు బెంగుళూరులో ఏమో, బీహారువాడు హిందూపురములో నదియే. ఒకనిని "పొట్టచేత పట్టుకొని పోయిన మనవాడు" అనియు, ఇంకొకనిని "పొట్టకొట్టుటకు వచ్చిన పైవాడు" అనియు పిలుచుట మన నాలుకకు తగని పని.

ఈ తగనిపనిని ప్రభుత్వములును చేసినవి. 2019 లో ఆంధ్రప్రదేశ శాసనసభ పరిశ్రమలలో నూటికి 75 ఉద్యోగములు స్థానికులకే యీయవలెనని చట్టము చేసినది. ఆ యేడే పెనుకొండ మండలమందలి ఎఱ్ఱమంచికడ కియా కారుల కర్మాగారము ప్రారంభమైనందున మన సీమలో ఆ చట్టమునకు గొప్ప స్వాగతము లభించెను. మాకును ఆనందము కలుగలేదని బొంకము. భూములిచ్చిన యూళ్ల బిడ్డలకు పని నేర్పి పనియిచ్చుట పరిశ్రమకు ధర్మము. కాని 2024 జూలైలో కర్ణాటక మంత్రివర్గము తమ పరిశ్రమలలో తమవారికే అధికభాగము పనులు చెందునట్లు ముసాయిదా నామోదించినప్పుడు మన ముఖములు చిన్నబోయినవి. ఆ ముసాయిదాను వారు నిలిపివేసిరి గనుక సరిపోయినది. హర్యానా చేసిన యిట్టి చట్టమునే 2023 నవంబరులో పంజాబు హర్యానా ఉన్నతన్యాయస్థానము రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసెను. ప్రతిరాష్ట్రమును తన వాకిట ఇట్టి గోడ కట్టుకొన్నచో మొదట బయట నిలువబడునది మన కదిరి, ముదిగుబ్బలవారే. ఇచ్చు చేతులకన్న అడుగు చేతులెక్కువగానున్న సీమకు గోడలు లాభింపవు.

గోడలవలన తెలుగువారు పడిన పాట్లు చరిత్రలో లేకపోలేదు. పూర్వము తెలుగువారు వేలకొలదిగా సముద్రము దాటి బర్మాకు పోయిరి. వారు బయలుదేరిన రేవులలో నొకటియగు కోరంగి పేరనే బర్మీయులు వారిని కోరంగీలనిరి. 1930 మే నెలలో రంగూను రేవున సరకులు మోయు తెలుగుకూలీలు కూలి పెంపవలెనని సమ్మె చేసిరి. ఓడల యజమానులు, మధ్యవర్తులు కలిసి బర్మీయులను పిలిచి వారిచేత మోత మోయించిరి. కొన్నాళ్లకు రాజీ కుదిరి తెలుగువారు పనికి మరల రాగా, బర్మీయులను ఇక మీరక్కఱలేదని పంపివేసిరి. మే 26 వ తేదీన రేవులో మొదలైన పోట్లాట నగరమంతట ప్రాకెను. నూఱుమందికి పైగా చచ్చిరి. వారిలో పెక్కురు మన తెలుగువారు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిన కథ యిది. మొదట తెలుగువాని నోరు మూయుటకు బర్మీయుని వాడుకొనిరి. పిదప బర్మీయుని త్రోసివైచిరి. ఇరువురికిని తగిన కూలి యింతయని, అందుకు తగ్గి యెవ్వరిని పిలువరాదని ఆనాడొక చట్టమున్నచో, సమ్మె విఱుచుటకై తక్కువకు పిలుచు వీలే యుండెడిది కాదు. నేడు హిందూపురములో మన యువకుడు ఆనాటి బర్మీయుని స్థానమున నున్నాడు. బెంగుళూరులో ఆనాటి కోరంగీ స్థానమున నున్నాడు. ఒక్క మనిషికే రెండు వేషములు.

వలసకూలివాడు ఏల చవక యగుచున్నాడో పరీక్షించి చూడుడు. అతడు తక్కువ తినువాడు కాడు. తక్కువ అలయువాడును కాడు. అతడు మేస్త్రివద్ద ముందుగా బయానా తీసికొని వచ్చినవాడు. పని జరుగుచోటనే రేకులకప్పు క్రింద కాపురము. ఆ యూరి భాష రాదు; ఆ యూరిలో ఓటు లేదు; పోలీసుఠాణాకు పోవుటకు ధైర్యము చాలదు. ఎనిమిది గంటల కూలికి పండ్రెండు గంటలు నిలుచుండుమన్నను నిలుచును. మేస్త్రి తన వంతు తగ్గించుకొని యిచ్చినను పుచ్చుకొనును. కనుక కొందఱు యజమానులు కోరునది చవకచేతులు కావు, నోరులేని చేతులు. ఊరివాడైనచో సాయంకాలము కులపెద్దకు చెప్పుకొనును, సంఘము పెట్టును, పత్రికకు వ్రాయును. ఇరువురికిని ఒక్కటే కూలి, ఒక్కటే గంటలు, ఒక్కటే రక్షణ యని చట్టము నిలబెట్టిననాడు ఊరివానిని విడిచి దూరమువానిని తెచ్చుటకు లోభమను కారణము మిగులదు. నేర్పు, అవసరము అను కారణములే మిగులును. అట్టి కారణములవలన వచ్చువాని రాకను మేము స్వాగతింతుము.

ఇట్టి కట్టను మన దేశము స్వాతంత్ర్యము వచ్చిన మఱుసటి యేడే వేయ దలపెట్టినది. 1948 లో కనీసవేతనముల చట్టము వచ్చెను. 1957 లో పదునైదవ భారత కార్మిక సమ్మేళనము కనీసమనగా నేమో విప్పి చెప్పెను: సంపాదించువానితో కలిపి మూడు పాళ్ల కుటుంబమునకు చాలిన తిండి, ఒక్కొక్క పాలికి 2,700 కేలరీలు, ఏటికి కుటుంబమునకు 72 గజముల బట్ట, ఇంటి అద్దె, వంటచెఱకునకు దీపమునకు వేఱుగా వ్యయము. 1991 లో సుప్రీముకోర్టు దీనికి పిల్లల చదువు, వైద్యము, ముసలితనము మొదలగువానిని చేర్చెను. అంతకు ముందే 1961 లో ఉన్నిచోయి వ్యాజ్యమున, కనీసవేతన మిచ్చుటకు యజమాని శక్తి చాలునా చాలదా యను విచారణ యక్కఱలేదని చెప్పెను. 1982 లో ఢిల్లీ ఆసియాక్రీడల కట్టడములలో పనిచేసిన కూలీల వ్యాజ్యమున ఇంకొక మెట్టెక్కి, కనీసవేతనముకన్న తక్కువకు పనిచేయించుకొనుట రాజ్యాంగము 23 వ అధికరణము నిషేధించిన వెట్టిచాకిరియే యని తీర్పిచ్చెను. ఆ కూలీలలో పెక్కురు అన్యరాష్ట్రములనుండి వచ్చినవారని మఱువరాదు. ఆకలిచేత ఒప్పుకొన్న ఒప్పందము స్వేచ్ఛతో చేసిన ఒప్పందము కాదని ఆ తీర్పు సారాంశము.

ఇంత యుదాత్తమైన మాటలకు ఎంత కూలి పలికినది? దేశమంతటికి కేంద్రప్రభుత్వము సూచించిన అడుగువేతనము 1996 లో దినమునకు 35 రూపాయలు. 2019 లో 178 రూపాయలు. అదే 2019 లో ప్రభుత్వమే నియమించిన అనూప్ సత్పతి సంఘము దినమునకు 375 రూపాయలుండవలెనని లెక్కకట్టి యిచ్చెను. కార్మికసంఘములు నెలకు 26,000 రూపాయలు కోరుచున్నవి. 2025 నవంబరు 21 వ తేదీనుండి పాతచట్టములకు మాఱుగా నాలుగు కార్మికస్మృతులు అమలులోనికి వచ్చినవి. వేతనస్మృతి ప్రకారము కేంద్రము నిర్ణయించు అడుగువేతనమునకు తక్కువగా ఏ రాష్ట్రమును కూలి నిర్ణయింపరాదు. మాట మంచిదే. కాని కట్ట యొక్క మంచితనము దాని యెత్తులో నున్నది. మోకాలిలోతు కట్ట వేసి చెఱువు కట్టితిమనుట తగదు.

ఇక ప్రభుత్వమే యజమాని యైనచోట ఏమి జరుగుచున్నదో చూతము. ఈ సంగతి మన సీమకు అన్నిటికన్న దగ్గఱ. 1876-78 లో వచ్చిన ధాత కఱవునాటికి మన తాలూకాలలో పెక్కు బళ్లారి జిల్లాలోనివి; అనంతపురము జిల్లా 1882 లో ఏర్పడెను. ఆ కఱవులో, 1877 జనవరిలో, వైస్రాయి పంపగా వచ్చిన సర్ రిచర్డు టెంపులు కఱవుపనులలో మగవాని దినకూలిని ఒక పౌను ధాన్యము, ఒక అణాకు తగ్గించెను. ఒక పౌను అనగా అఱకిలోకన్న తక్కువ. దినమెల్ల రాళ్లు కొట్టువానికి అది బొత్తిగా చాలదని మదరాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టరు కార్నిషు ఎదిరించి వ్రాసెను. ఖజానా మిగుల్చుటకై కూలి తగ్గించిన ఆ లెక్కకు మనుష్యులు ప్రాణములతో చెల్లించిరి.

స్వతంత్రభారతమున ఇది మాఱవలసినదే. 1983 లో రాజస్థానమందలి కఱవుపనుల వ్యాజ్యమున సుప్రీముకోర్టు, కఱవుపనియైనను కనీసవేతనమునకు తగ్గరాదని తీర్పిచ్చెను. 2006 ఫిబ్రవరి 2 వ తేదీన మన నార్పల మండలము బండ్లపల్లిలో ప్రధానమంత్రి మన్మోహనసింగు జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకమును దేశమునకు ప్రారంభించెను. పని యడుగుట హక్కైనది. పరిశ్రమ లేని యూరిలో కూలికి ఒక నేలమట్ట మేర్పడినది. కాని ఆ చట్టముననే ఒక ఛిద్రమున్నది. 6 వ విభాగము కనీసవేతన చట్టముతో నిమిత్తము లేకుండ కూలి నిర్ణయించు నధికారమును కేంద్రమున కిచ్చెను; 2009 నుండి కేంద్రము దానిని వాడుకొన్నది. ఫలితమేమి? 2025-26 సంవత్సరమునకు ఆంధ్రప్రదేశమున ఉపాధికూలి దినమునకు 307 రూపాయలు, కర్ణాటకమున 370. కొడికొండ దాటి బాగేపల్లి తాలూకాలో అడుగిడినవారికి తెలియును: అచటి యెండ యిదే, గడ్డపాఱ యిదే, పొలములలో వినబడు మాటయు పెక్కుచోట్ల తెలుగే. కూలిలో మాత్రము దినమునకు 63 రూపాయలు భేదము, నూఱుదినములకు 6,300. సత్పతి సంఘము 2019 లో చెప్పిన 375 ను మన కూలి ఆఱేండ్ల పిదపను అందుకొనలేదు.

మన పల్లెలలో ప్రజలు నేటికిని దీనిని "కరువు పని" అనియే పిలుచుచున్నారు. ఆ పేరులోనే చరిత్ర దాగియున్నది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధిచట్టమునకు మాఱుగా వేఱొక చట్టము నామోదించెను. 100 దినముల హామీ 125 దినములైనది. వ్యయములో నూటికి 40 వంతులు పెక్కు రాష్ట్రముల తలపై పడినవి. కూలి యెంత యనుట మాత్రము మరల కేంద్రము చేతిలోనే యున్నది. దినముల సంఖ్య పెరిగినందుకు సంతోషింతము. కాని బెంగుళూరు బస్సెక్కువాడు దినములు మాత్రమే లెక్కపెట్టడు. దినమునకు ఎంతయని యడుగును, ఎన్నినాళ్లకు చేతికి వచ్చునని యడుగును. ప్రభుత్వమే తక్కువకు పనిచేయించుకొనుచుండగా, పొరుగు భూస్వామినో, మిల్లు యజమానినో ఎక్కువ యిమ్మని శాసించుటకు దానికి నోరెట్లు వచ్చును?

ఇచట రెండు ఆక్షేపణలకు సమాధానము చెప్పవలసియున్నది. వేతనము పెంచిన పరిశ్రమలు పోవునని మొదటిది. 1992 లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున కనీసవేతనమును గంటకు 4.25 డాలర్లనుండి 5.05 డాలర్లకు పెంచిరి. పొరుగున పెన్సిల్వేనియాలో పెంచలేదు. సరిహద్దునకు ఇరుప్రక్కల భోజనశాలలను డేవిడ్ కార్డు, అలన్ క్రూగరు అను ఆర్థికశాస్త్రజ్ఞులు పరిశీలించి, పెంచినచోట ఉద్యోగములు తగ్గలేదని చూపిరి. 1980 లో క్యూబానుండి సుమారు 1,25,000 మంది పడవలలో వచ్చి మయామీ నగర కార్మికులసంఖ్యను నూటికి ఏడువంతులు పెంచినప్పుడును, స్థానికుల కూలి చెప్పుకోదగినంత పడిపోలేదని ఆ కార్డే 1990 లో వ్రాసెను. 2021 లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చెను. అడుగుమెట్టునందలి పనివారి కూలి తగ్గినదని బోర్హాస్ అను పండితుడు తరువాత వాదించెను, వాదము తీరలేదు. ఇంతదూర మేల? కేరళను చూడుడు. దేశమున పల్లెకూలి అచట ఎక్కువ. అన్యరాష్ట్రముల కూలీలును అచట లక్షలకొలది. ఆ ప్రభుత్వము వారిని "అతిథి కార్మికులు" అని పిలుచుచు, 2017 లో వారికొఱకు "ఆవాజ్" అను ఆరోగ్యబీమా పెట్టినది. ఎక్కువకూలియు వలసయు ఒక్క పంచలో కాపురము చేయవచ్చునని యిది ఋజువు.

రెండవ ఆక్షేపణ మాకు ఎక్కువ బరువైనది. ఏలయన అది పేదవాని నోటినుండి వచ్చుచున్నది. "అయిదెకరముల మెట్టలో సెనక్కాయ వేసినవాడను. వాన రాలేదు. పీకుడు కూలి యిచ్చిన పిదప నాకు పొట్టే మిగిలినది. చట్టము చెప్పిన కూలి నేనెచటినుండి తేగలను?" అని రైతు అడుగుచున్నాడు. ధర్మవరమున అప్పుతో మగ్గము నడుపు చిన్న నేతగానిదియు ఇదే మొఱ. దీనిని త్రోసిపుచ్చువారు పల్లె నెఱుగనివారు. కాని ఆ నష్టమును కూలి నెత్తిన వేసిన నష్టము తీఱునా? రైతుకు రావలసినది పంటధరలో రావలెను. మద్దతుధర కట్టునప్పుడు కూలిని చట్టము చెప్పిన మట్టమునకు తగ్గకుండ లెక్కగట్టి, ఆ ధరకు కొనుగోలు జరిపించి, వాన తప్పిన యేట బీమా సకాలమున చెల్లించిననాడు రైతు తలయెత్తుకొని కూలి యీయగలడు. రైతునకు రావలసినది రాబట్టుటకు బదులు ఇద్దఱు పేదలలో ఒకని కంచమునుండి తీసి యింకొకని కంచములో వేయుట న్యాయము కాదు. కూలికట్ట వేయుమన్న మేము, పంటధరకట్టయు వేయుమనుచున్నాము.

కట్ట వేసిన చాలదు, కావలివాడును కావలెను. ఒడిశానుండి మేస్త్రీలు కూలీలను తోలుకొనిపోవు ఘోరమును చూచి 1979 లో అంతర్రాష్ట్ర వలసకార్మికుల చట్టము చేసిరి. అయిదుగురు వలసకూలీలున్నచోటనే అది వర్తించెడిది. క్రొత్తస్మృతి దానిని పదిమందికి పెంచినది. మేస్త్రి లేకుండ తనంతట తాను వచ్చినవానిని సైతము వలసకార్మికునిగా గుర్తించుట క్రొత్తస్మృతిలోని మంచి. కాని ఏడెనిమిదిమంది బేల్దారుల గుంపు దాని నీడకు రాదు. మన ముదిగుబ్బనుండి పోవునవి పెక్కు ఇట్టి గుంపులే. తనిఖీ అధికారికి "సహాయకుడు" అను బిరుదును తగిలించి, మొదటి తప్పునకు యజమానికి సవరించుకొను నవకాశ మీయవలెననిరి. తప్పు చేసిన పెద్దవానికి నవకాశము. కూలి పోగొట్టుకొన్న చిన్నవానికి బస్సుఖర్చును లేదు. 2020 లాక్‌డౌనులో నడచిపోయిన లక్షలమందిని గుఱించి లెక్క చెప్పుమన్న ప్రభుత్వములవద్ద పుస్తకమే లేకపోయెను. అట్టి లెక్క కొఱకే 2021 ఆగస్టులో ఇ-శ్రమ్ నమోదును మొదలిడిరి. చీటీ చేతికి వచ్చినది. చీటీ వెనుక రక్షణ రావలసియున్నది.

పైదేశములలోని మనవారి యనుభవమును ఇదే చెప్పుచున్నది. 2021 మార్చినుండి కతారు దేశమున నెలకు 1,000 రియాళ్లు కనీసవేతనము. ఏ దేశమువాడైనను, ఇంటిపనివాడైనను, అంతకు తగ్గరాదు. కాని 2020 సెప్టెంబరులో మన కేంద్రప్రభుత్వమే గల్ఫుదేశములకు పోవు భారతీయులకొఱకు నిర్ణయించిన కనిష్ఠవేతనమును తగ్గించెను. పోటీలో మనవారికి పనులు దక్కవలెనని వారు చెప్పిన కారణము. తెలుగునేలనుండి పెద్దయెత్తున ఆక్షేపణ లేవగా 2021 లో ఆ యుత్తరువులను వెనుకకు తీసికొనిరి. మన బిడ్డ గల్ఫులో తక్కువకు అమ్ముడుపోరాదని మనము గట్టిగా నడిగితిమి, న్యాయముగా నడిగితిమి. హిందూపురములోని ఒడిశాబిడ్డకొఱకు అదే గొంతు ఎత్తవలదా?

కావున మేము కోరునది యిది. ఉపాధిపనుల దినకూలి రాష్ట్రపు వ్యవసాయ కనీసవేతనమునకు తగ్గరాదు. పదునైదు దినములలోపల చేతికి రావలెను. రాష్ట్రప్రభుత్వము ఏ యే పనులకు ఎంత కూలియో కాలము తప్పక తిరిగి నిర్ణయింపవలెను. ధరలు పెరుగుటకు ఆగనప్పుడు కూలి పెరుగుటకు ఏల ఆగవలెను? ప్రతి కర్మాగారపు వాకిటను, ప్రతి పెద్దకట్టడపు గుమ్మమునను నేటి కూలి యింత, గంటలిన్ని యని తెలుగున, హిందీని, ఒడియాను చదువగల పెద్దయక్షరములతో పలక కట్టవలెను. ఆడుదాని కూలి మగవాని కూలికి తగ్గరాదని 1976 నుండి చట్టమున్నది. వేరుసెనగ చేలలోను, కట్టడములకడను అది కాగితము దిగి రావలెను. ప్రతి గ్రామపంచాయతిలో వలసపోవువారి పుస్తకముండవలెను: ఎవరు, ఎచటికి, ఏ మేస్త్రివెంట, ఎంత బయానాకు. ఆంధ్ర, కర్ణాటక ప్రభుత్వములు కూడబలుకుకొని బెంగుళూరులో తెలుగుకూలీల మొఱలు వినుటకు ఒక కార్యాలయ మేర్పఱుపవలెను. అట్లే హిందూపురములో హిందీ, ఒడియా వచ్చిన యుద్యోగి యొకడుండవలెను. స్థానిక యువకులకు పనులు కావలెనన్నచో చట్టపుగోడకు బదులు చదువుమెట్లు కట్టవలెను. ఐటిఐలలో పనిముట్లు, ఉపాధ్యాయులు, కర్మాగారములతో శిక్షణ యొడంబడికలు కావలెను.

ప్రభుత్వమును గుఱించి యింత వ్రాసితిమి. ఇక చదువరులను గుఱించియు నొక్కమాట వ్రాయక ముగించుట మాకు నీతి కాదు. ఈ పత్రికను చేత పట్టుకొన్నవారిలో దుకాణములవారున్నారు, గృహస్థులున్నారు, కొద్దో గొప్పో పొలము గలవారున్నారు. మన యింట అంట్లు తోము అమ్మకు నెలకెంత యిచ్చుచున్నాము? మన యంగడిలో ఉదయము తలుపు తీసినది మొదలు రాత్రి మూయువఱకు నిలుచుండు కుఱ్ఱవానికి ఎన్నిగంటలకు ఎంత? మనము టిఫిను తిను హోటలులో బల్ల తుడుచు, తెలుగు రాని బాలుని వయసెంతయని యెన్నడైన నడిగితిమా? మన మేడ కట్టించునప్పుడు మేస్త్రికి మొత్తము సొమ్మిచ్చి, వాడు కూలీలకెంత యిచ్చెనో మనకేలయని ముఖము త్రిప్పుకొంటిమి గదా! కనీసవేతనము ఢిల్లీలోను, అమరావతిలోను నిర్ణయమగును గాని, మన వాకిటనే చెల్లును, లేదా తప్పును.

చెఱువులను నమ్మి బ్రతికిన సీమ మనది. కట్టకు ఒకచోట ఎలుక బొక్క చేసినను నీరంతయు ఆ దారినే పోవునని బుక్కపట్టణము, ధర్మవరము చెఱువుల క్రింద సేద్యము చేసినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ బొక్క ఎవరి పొలమునకు ఎదురుగా నున్నదని అడుగుచు కూర్చుండువాడు లేడు. అందఱును పలుగు, తట్ట పట్టుకొని పరుగెత్తుదురు. ఒడిశావాని కూలి తగ్గినచోట నున్నది ముదిగుబ్బవాని కట్టలోని బొక్కయే. దానిని పూడ్చు పనికి ఊరివాడని, పైవాడని చూడక అందఱమును లేవవలసియున్నది. వచ్చు సుగ్గికి బెంగుళూరు బస్సెక్కువారు ఆకలి తోలగా కాక, తమ యిష్టముతో, తమ వెల తామెఱిగి యెక్కునట్లు చేయగలిగినచో మన చర్చలకు ఫలము కలిగినట్లే.